సగం వేగంలో మా సారు

సారు పోయారని ఎర్రగుంట్ల నుంచి ఫోను వచ్చినప్పుడు నేను ఒక రైతు మాటలను రెట్టింపు వేగంలో పెట్టి వింటున్నాను. ఆపాలని కూడా తోచలేదు. ఆ రైతు నా చెవిలో గబగబా టమోటా ధర చెబుతూనే ఉన్నాడు. కడపలోని మా చిన్న రేడియోలో నాకు ఎడిటింగు నేర్పింది ఆ సారే.

ఆయన పద్ధతి ఒకటే. మొదట వేగంగా విని ఏది ఎక్కడుందో గుర్తు పెట్టుకోవాలి. తర్వాత సగం వేగంలో విని, మాటకూ మాటకూ మధ్య సందు చూసి కత్తిరించాలి. నాకు మొదటిదే బాగా వచ్చింది, రెండోదానికి ఓపిక ఉండేది కాదు. "బస్సులో పోతా చూస్తే శెనక్కాయ చేనూ బీడూ ఒకటే మాదిరి ఉంటాయి పాపా. దిగి చూడాల," అనేవారు.

కత్తిరించే ముందు చెప్పులు విప్పి పక్కన పెట్టేవారు. రైతుల ముందు మైకు పట్టుకున్నా అంతే. ఎందుకు సార్ అంటే, "మనిషి మాట మీద చెయ్యేస్తాండాం గదమ్మా, బయమైతాది," అని నవ్వేవారు. నిజంగానే భయం ఆయనకు. ప్రసారమయ్యాక కూడా ఫోను చేసి, "ఆయప్ప చెప్పింది యాడా మారలేదు గదా?" అని అడిగేవారు.

తన గొంతు మాత్రం ఒక్క ముక్క ఉంచేవారు కాదు. అడిగిన ప్రశ్న, ఊకొట్టిన ఊ, అన్నీ తీసేసేవారు. "నాది ఎవురికి కావాల? రైతుది ఉంటే చాలు," అనేవారు. పని కాగానే అసలు రికార్డింగులను చెరిపించేసేవారు కూడా.

ఆ గొంతే ఇప్పుడు కావలసి వచ్చింది. "పెద్దకర్మ నాటికి ఆయన మాట ఒక్కటి వినిపియ్యి తల్లీ. నా ఫోన్లో ఫొటోలు తప్ప ఏమీ లేవు," అంది అమ్మ. సారు భార్యను మేమంతా అలాగే పిలుస్తాం. సరేనన్నాను గానీ, ఆ గొంతును ఎక్కడని వెతికేది?

చెరపడం మరిచిపోయినవి కొన్ని పాత డ్రైవులో దొరికాయి. టైము లేదని రెట్టింపు వేగంలో తిప్పాను. లేదు. మళ్లీ తిప్పాను. లేదు. పెద్దకర్మ ఇక రేపే. అమ్మకు ఏ ముఖం పెట్టుకుని చెప్పేది? ఏడుపొచ్చింది. చివరికి చెప్పులు విప్పి కూర్చుని, రాయచోటి వైపు ఒక రైతమ్మ మాటలను సగం వేగంలో పెట్టాను. ఎండిన బోరు గురించి చెప్పీ చెప్పీ ఆమె ఆగింది. అక్కడ, మైకుకు దూరంగా, మెల్లగా సారు గొంతు. వేగంలో రెండుసార్లూ నేను దాటిపోయిన చోటే.

మరునాడు వాళ్లింట్లో, వంటవాళ్ల గోల మధ్య, ఫోను అమ్మ చెవి దగ్గర పెట్టి మామూలు వేగంలో వినిపించాను. ఆమె తల అడ్డంగా ఊపింది. ఆయన కాదా?

"ఆయనే. ఇంట్లో ఇంత బిరీన మాట్లాడడు. ఇంకొంచెం నిదానం చెయ్యి."

తగ్గించాను.

"ఇంకేమన్నా చెప్పేదుండాదా తల్లీ?" అని సారు అడిగారు.

"ఏం లేదులేబ్బా. నువ్వు పోయిరా," అంది అమ్మ.

రికార్డింగులో కాసేపు గాలి చప్పుడు. ఆ తర్వాత, సారు చెప్పులు తొడుక్కుంటున్న చప్పుడు.