నవ్వుకు ముందు వేసిన కత్తెర

ఇన్నేళ్ళుగా మింగలేక, కక్కలేక మోస్తున్న మాట ఒకటుంది. మీరెవరో నాకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నాను. దొంగతనం కాదు, హత్య కాదు. ఒక మనిషి నవ్వును కోసేశాను. అది తప్పేనా? ఒక్కోరోజు కాదనిపిస్తుంది. అలా అనిపించిన రోజునే ఎక్కువ భయమేస్తుంది.

డెబ్బైల చివరి మాట. మా ఆయన ఉద్యోగం కోసం లాస్ ఏంజెలస్ వచ్చాం. ఇంట్లో గోళ్ళు గిల్లుకుంటూ కూర్చోలేక సినిమా ఎడిటింగ్ నేర్చుకున్నాను. నాకు మొదట పని ఇచ్చింది వాల్టర్ అనే నటుడు. ఆయన ముఖం అమెరికాలో అందరికీ తెలుసు, పేరు మాత్రం ఎవరికీ తెలియదు. షెరిఫ్, జడ్జి, పక్కింటి తాగుబోతు, ఇవీ ఆయన వేషాలు. రెండు మాటలు చెప్పేవాడు, మూడో మాటకి తెరమీద హీరో ముఖం వచ్చేసేది. అలా సంపాదించిన దానితో తన సొంత సినిమాలు తీసుకునేవాడు. వేషం దొరికితే సొంత షూటింగ్ ఆపేయడం, అది అయిపోగానే మళ్ళీ మొదలుపెట్టడం. మొదటి సినిమా ఎవరూ చూడలేదు. రెండోది షాపు మూసేస్తున్న ఒక ముసలి బార్బర్ కథ. ఆ బార్బర్ ఆయనే.

చివరి షాట్‌లో బార్బర్ తన కుర్చీలో తానే కూర్చుని అద్దంలో చూసుకుంటాడు. చాలాసేపు చూసుకుని, అప్పుడు నవ్వుతాడు. ఆ షాట్ తీసిన మర్నాడే వాల్టర్ ఏదో షెరిఫ్ వేషానికి టెక్సాస్ వెళ్ళాల్సి వచ్చింది. సినిమా పంపాల్సిన ఫెస్టివల్ దగ్గర పడింది. తీసింది చూసుకోకుండానే, నీ కళ్ళు చాలని నాకు అప్పజెప్పి వెళ్ళిపోయాడు.

నేను నవ్వుకు ముందే కోశాను. ఎందుకు? సినిమా బాగుంటుందని. అంతే. కాదేమో. అంత పెద్దాయన ముఖం అలా దాపరికం లేకుండా విచ్చుకుంటే చూడటానికి నాకే ఇబ్బందిగా ఉండేది, పైగా ముగింపు చూసి ఎవరి చేతి పనిది అని ఎవరైనా అడిగితే బాగుండునన్న ఆశ కూడా ఉండే ఉంటుంది, ఇప్పుడు ఏది ముందో ఏది వెనకో నాకే తెలియడం లేదు. మేం బల్లమీద కోసేది నకలు, దాన్ని మళ్ళీ అతికించుకోవచ్చు. దాన్ని చూసి ల్యాబ్‌లో అసలు నెగటివ్ కోస్తారు. ఆలోపు ఆయనకి ఒక్క ఫోన్ చేసి ఉండొచ్చు. చేయలేదు.

ఫెస్టివల్‌లో జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆ ముగింపునే మెచ్చుకున్నారు. బయట కారు దగ్గర వాల్టర్ నాకోసం ఆగాడు. మేం మాట్లాడింది ఇంగ్లిష్‌లోనే, నాకు మాత్రం తెలుగులోనే గుర్తుండిపోయింది.

"చివర్లో నేను నవ్వాను కదా?"

"లేదు. మీరు నవ్వేలోపే కెమెరాలో ఫిల్మ్ అయిపోయింది."

"నవ్వాననే అనుకుంటున్నానే. టెక్సాస్‌లో రోజూ అదే తల్చుకున్నాను."

"అయిపోయింది, వాల్టర్."

"ఓకే. రీలంతా నువ్వు చూశావు. నేను చూడలేదు కదా."

కెమెరామన్‌ని అడిగితే ఆయనకి తెలిసిపోయేది. అడగలేదు. నన్ను నమ్మాడు. మర్నాడు ల్యాబ్‌కి ఫోన్ చేసి, ఆ నవ్వున్న నెగటివ్ ముక్క పారేయమన్నాను. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకున్నాను. మా ఆయనకి చెబితే, "సారీ చెప్పేయ్. పోతే జాబ్ పోద్ది, అంతేగా" అన్నారు. అంతే. అయినా చెప్పలేదు.

వాల్టర్ మూడో సినిమా తీయలేదు. చేయనిదాన్ని చేశాననుకునేవాడు డైరెక్టర్‌గా పనికిరాడని ఎవరితోనో అన్నాడట. ఎనభైల్లో టీవీలో అప్పుడప్పుడూ కనబడేవాడు, మోటెల్ ఓనర్‌గానో, జడ్జిగానో. ఆయన ముఖంలో ఏదో మొదలవుతుండగానే హీరో వచ్చేసేవాడు. నేను టీవీ కట్టేసేదాన్ని.

ఆ సినిమాకి నా కత్తెరే ప్రాణం పోసిందంటారు. నిజమే కావచ్చు. అయితే నేను చేసింది మంచా? కుడితిలో పడ్డ ఎలుకలా ఇక్కడే కొట్టుకుంటుంటాను. కోసినందుకు కాదేమో ఈ బాధ. నన్ను నమ్మిన మనిషికి తనమీద తనకున్న నమ్మకాన్ని పోగొట్టాను. ఆయన పోయాడు. ఇక అడిగేవాళ్ళు లేరు, క్షమించేవాళ్ళూ లేరు.

మీకు చెబుతుంటే ఊపిరి కాస్త ఆడుతోంది. ఫిల్మ్ అయిపోలేదు. వాల్టర్ నవ్వాడు. చాలాసేపు నవ్వాడు.