సోనేపూర్‌లో ప్రయాణికులు లేరట

మా ఊళ్లో ప్రయాణికులే లేరని తేల్చిన కాగితం ఒకటి నా దగ్గరుంది. పాపం, స్టాంపు కూడా వేసి పంపారు. అది అందిన రోజు పొద్దున కూడా నేను ఆటోలో సగం బయటికి వేలాడుతూనే బడికి వెళ్లాను.

నేను ఒడిశాలో, బరంపురం పక్కనున్న హల్దియాపదర్‌లో ఒక ప్రైవేటు బడిలో పంతులమ్మని. సోనేపూర్ నుంచి పొద్దున్నే బరంపురం వెళ్లడానికి మాకున్నది ఒకటే ఆటో. నడిపేది మా పిన్ని కొడుకు. పర్మిట్ ముగ్గురికి, ఎక్కేది పదకొండుమంది, చేపల గంపలు కాక. మెయిన్ రోడ్డు మలుపులో చెకింగ్ ఉంటుంది కాబట్టి మా ఆడవాళ్లకో పద్ధతుంది. మలుపుకి ముందే గంపలవాళ్లంతా దిగిపోతారు. గంపలు నెత్తికెత్తుకుని, ఆ ఆటో ఎవరిదో తమకు తెలియనట్టు చెకింగ్‌వాళ్ల ముందు నుంచే నడిచిపోతారు. అవతల మళ్లీ ఎక్కుతారు. గంప లేని నేను మాత్రం మహారాణిలా కూర్చునే ఉంటాను.

ఆ నడిచేవాళ్లలో మా పెద్దమ్మ ఒకతె. మోకాళ్లు అరిగిపోయాయి. "బస్సుంటే ఇంకో పదేళ్లు నా సేపలు నానే అమ్ముకుంతాను. నేకపోతే ఈ నడక నా వల్ల కాదే" అంది ఒకరోజు. ఇంట్లో కూర్చోబెట్టి పెడతామన్న కొడుకుల మీద ఇంతెత్తున లేచే మనిషి నోట ఆ మాట. ఆ వారమే బస్సు కావాలని అర్జీ రాశాను.

అర్జీ పెడితే బస్సిచ్చేస్తారా? ముందు జనాన్ని లెక్కపెట్టాలి. లెక్క రాసుకునే ఆయన ఫలానా రోజు మలుపు దగ్గర కూర్చుంటాడని కబురొచ్చింది. నేను ఇల్లిల్లూ తిరిగి చెప్పాను, ఒక్కరూ మానకండని. ఒక్కరూ మానలేదు. ఎప్పుడూ రాని నలుగురు కూడా గంపలతో ఎక్కారు.

మలుపు వచ్చింది. గొడుగు కింద కుర్చీలో ఒకాయన, చేతిలో పుస్తకం. అంతే, గంపలన్నీ దిగిపోయాయి.

"దిగకండే! ఆయన బస్సు కోసమే వచ్చాడు!" అని గొంతు చించుకున్నాను.

"ఊరుకోయే! ఆడి సేతిలో పుస్తకం సూళ్లేదేటి? మనోడికి పైను రాసేత్తాడు" అంది పెద్దమ్మ.

"పైను కాదు మహాతల్లీ, బస్సు!"

"బస్సొచ్చేలోగా ఈ ఆటో లాగేసుకుంటే ఏటెక్కి ఎల్తావు?"

ఆమె గంపెత్తుకుని కుంటుకుంటూ వరసలో నడిచింది. ఆటో ఆయన ముందు నుంచి వెళ్లింది. లోపల నేను, కాలేజీ పిల్లలిద్దరు. ఆయన శ్రద్ధగా మూడు అని రాసుకున్నాడు.

ఆటో ఆపించి, దిగి పరిగెత్తాను. అదిగో, ఆ నడిచేవాళ్లంతా ప్రయాణికులేనండీ అని ఒడియాలో మొత్తుకున్నాను. ఆయన మర్యాదస్థుడు. వాహనంలో ఉన్నవాళ్లనే లెక్కపెట్టాలమ్మా, నడిచేవాళ్లకి ఈ ఫారంలో గడి లేదు అన్నాడు. నేను వదల్లేదు. సరే, ఇంతగా అడుగుతున్నారు కాబట్టి అని కింద ఒక ముక్క చేర్చాడు. ఆ ముక్కే తర్వాత స్టాంపు కాగితంలో వచ్చింది: ఈ గ్రామస్థులు నడకను ఇష్టపడతారు.

మాకు రావాల్సిన బస్సు పొలసర వైపు ఊళ్లకి వెళ్లింది. అక్కడివాళ్లు లెక్కరోజున బుద్ధిగా కూర్చున్నారు కాబోలు.

కాగితం చదివి వినిపిస్తే పెద్దమ్మ పగలబడి నవ్వింది. "ఇట్టమంటనా? ఆడి ఇల్లు బంగారంగానూ!" నాకు మాత్రం నవ్వు రాలేదు. వానలు మొదలైన వారానికి ఆ మలుపు దగ్గరే పెద్దమ్మ గంప దించుకుని కూలబడింది. నేనూ పిన్ని కొడుకూ పట్టి లేపాం. మర్నాటి నుంచి రాలేదు.

నేను మళ్లీ అర్జీ రాశాను. రోజూ బరంపురం వెళ్లే ప్రయాణికులం అని మొదలుపెట్టి, మొదటి పేరు పెద్దమ్మదే వేసి, వేలిముద్రకి ఇంటికి తీసుకెళ్లాను. మంచం మీద కాళ్లు చాపుకుని మొత్తం చదివించుకుని విన్నది.

"నా పేరు కొట్టేయే" అంది. "నాను పేసింజర్ని కాను గదా ఇప్పుడు. సర్కారోళ్లకి అబద్దం రాయకూడదు."

కొట్టేశాను.