ఆమె నన్ను ‘మీరు’ అన్న రోజు

పెద్దమ్మ పోయిందని హాస్టలు వంట ఆయమ్మ ఫోన్ చేసినప్పుడు నేను షాద్‌నగర్‌లో మా కంపెనీ క్యాంటీన్‌లో అన్నం కలుపుకుంటున్నాను. పొద్దున దవాఖానకు తీసుకుపోతుంటే దారిలోనే ప్రాణం పోయిందట. నేను ఏడవలేదు. నాకు కోపం వచ్చింది. నన్ను ఎరిగినవాళ్లకు ఇందులో వింతేమీ లేదు. దుఃఖం వచ్చినా, భయం వేసినా నాకు ముందు వచ్చేది కోపమే. ఆ సంగతి నాకంటే ముందు కనిపెట్టింది పెద్దమ్మే.

పెద్దమ్మ నాకు చుట్టం కాదు. నల్గొండలో మేమున్న ఆడపిల్లల హాస్టలుకు వార్డెన్. ఇంట్లోవాళ్లు సముదాయించలేక, బడివాళ్లు భరించలేక వదిలేసిన పిల్లలం అక్కడ చేరేవాళ్లం. ఒకతి నోరు విప్పదు, ఒకతి గోడ దూకుతుంది, ఇంకొకతి అన్నం ముట్టదు. నేనేమో చేతికందింది విసిరేదాన్ని. మోత్కూర్ దగ్గర మా ఊళ్లో అమ్మ చనిపోయాక, బాపు గొర్లమంద వెంట నెలల తరబడి తిరిగేవాడు. నన్ను సాకిన అవ్వ మీదికే ఒకరోజు ఇత్తడి చెంబు విసిరాను. ఆ తర్వాతే నన్ను తెచ్చి ఆ హాస్టల్లో దింపారు.

వచ్చిన కొత్తలోనే పళ్లెం విసిరితే ఆమె తిట్టలేదు, కొట్టలేదు. బకెట్లో నానుతున్న మందపాటి దుప్పటి చూపించి, బండ మీద ఉతకమంది. నా కసి అంతా దాని మీద తీర్చుకున్నాను. అయితే అంత దుప్పటిని పిండడం ఒక్కరి వల్ల అయ్యే పని కాదు కదా. ఆమె కుచ్చిళ్లు దోపుకుని వచ్చి, “గా కొస నువ్వు పట్టు, గీ కొస నేను పడ్త” అంది. చెరోవైపు తిరిగి మెలితిప్పాం. నీళ్లు నా కాళ్ల మీద ధారగా పడ్డాయి. చేతులు గుంజి గుంజి చివరికి నాకే నవ్వొచ్చింది. అప్పటినుంచి ఎవరికి కోపమొచ్చినా వాళ్లకు దుప్పటి, ఆమెకు రెండో కొస. తనిఖీకి వచ్చిన అధికారులు మా దుప్పట్ల తెల్లదనాన్ని తెగ మెచ్చుకునేవారు. ఆమె పైట నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయేది.

పద్దెనిమిదేళ్లు నిండితే హాస్టలు ఖాళీ చేయాలి. ఆ తర్వాత ఈ పిల్లలెట్లా బతుకుతారన్నదే ఆమె ఫికర్. దవాఖానకు తీసుకుపోయి డాక్టరు ముందు కూర్చోబెట్టి, నొప్పి ఎక్కడో నువ్వే చెప్పమని తను బయట నిలబడేది. సెలవులకు ఒంటరిగా బస్సెక్కించి ఊరికి పంపేది. ఒకసారి చిల్లర దగ్గర నేను కండక్టరుతో పెద్ద రభస చేసి నడిదారిలో దిగిపోయి, ఎండలో నడిచి హాస్టలుకు తిరిగొచ్చాను. అన్నం పెట్టింది. తెల్లారి మళ్లీ అదే బస్టాండుకు తీసుకుపోయి, “ఇయ్యాల బస్సు దిగినవ్, రేపు కొలువు దిగుతవా? గదే బస్సు ఎక్కు” అంది. అదే కండక్టరు. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ టికెట్ తీసుకున్నాను.

నేను వెళ్లిపోయే రోజూ బస్టాండుదాకా వచ్చింది. నేను ఉతికీ ఉతికీ పలచబడ్డ దుప్పటిని మడిచి నా సంచిలో కుక్కింది. బస్సు కదులుతుంటే కిటికీ దగ్గరికొచ్చి, “పైలంగ పోండ్రి. మీరు చేరినంక ఫోన్ చేయుండ్రి” అంది.

ఎవరితో అంటోందా అని వెనక్కి తిరిగి చూశాను. వెనక సీటు ఖాళీ.

మా దిక్కు సొంతవాళ్లను ఎవరూ మీరు అనరు. అవ్వనైనా బాపునైనా నువ్వే అంటాం. మీరు అనేది ఆఫీసర్లనూ, పెళ్లిచూపులకొచ్చినవాళ్లనూ. నిన్నటిదాకా నోరారా నువ్వు అన్న మనిషి గట్ల అంది. హాస్టల్లోంచే కాదు, మనసులోంచి కూడా నన్ను ఖాళీ చేయించింది అనుకున్నాను.

నేనేమన్నా తక్కువ తిన్నానా? ఫోన్లో పెద్దమ్మను మేడం చేశాను, నువ్వును మీరు చేశాను. “బాగున్నారా మేడం?” “బాగున్న. మీరు బాగున్నరా?” అంతే, ఇక మాట సాగేది కాదు. సూపర్‌వైజరు మీద మండిపోయి కొలువు మానేద్దామనుకున్న రోజులు, గదికొచ్చి దుప్పటి ఉతుక్కున్న రోజులు, ఏవీ ఆమెకు చెప్పలేదు. ఒక్కసారి నువ్వు అంటే చాలు, అన్నీ చెబుదామని కాచుకున్నాను. ఆమె అనలేదు.

ఆయమ్మ ఫోన్ చేసిన ఆ రోజు నల్గొండ చేరేసరికి ఆమెను బయటికి తెచ్చి పడుకోబెట్టారు. పాత పిల్లలు చాలామందే వచ్చారు. నేను ఆయమ్మ పక్కన కూలబడి, నన్ను మీరు అని పరాయిదాన్ని చేసి పోయింది చూడు అన్నాను. ఆయమ్మ నావైపు తిరిగింది.

“పోయేటోళ్లను అందర్నీ గట్లనే అన్నది బిడ్డా. నేను అడిగిన గూడ. బయటికి పోయినంక గీ పిల్లల్ని ఎవలు మీరంటరే, ముందుగాల నా నోట్లెకెళ్లి రావాలె అన్నది. నీ ఫోన్ వస్తె మస్తు సంబురం ఆమెకు. చెంబులు ఇసిరిన పిల్ల ఎంత మర్యాదగ మాట్లాడుతాందో ఇనుమని నాకిచ్చేది.”

నా అలకను ఆమె మర్యాద అనుకుంది. ఆమె మర్యాదను నేను పరాయితనం అనుకున్నాను. ఇద్దరిలో ఆమె అయినా సంతోషంగా ఉందన్నమాట. నాకు అప్పుడు ఏడుపొచ్చింది. వచ్చాక ఆగలేదు.

మర్నాడు గదికొచ్చి ఆ దుప్పటి నానబెట్టాను. మాసిందని కాదు. ఉతికాక పిండాలంటే ఒక కొస కిటికీ ఊచకు కట్టడం ఇక్కడికొచ్చాక నాకు అలవాటు. ఈసారి కట్టబోయి ఆగిపోయాను. “పెద్దమ్మా, గా కొస నువ్వు పట్టు” అన్నాను. గట్టిగానే అన్నట్టున్నాను, పక్క గది ఆమె తలుపు తీసి చూసింది. ఊచకు కట్టబుద్ధి కాలేదు. ఒక్కదాన్నే పిండలేక, అట్లాగే తీగ మీద వేశాను. పొద్దుగూకేదాకా దాన్నుంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి.