చివ్వెంల బోరులో ఆటుపోట్లు

దయ్యాలను నేను నమ్మను. నమ్మి ఉంటే ఈపాటికి సూర్యాపేటలో మనుషుల కంటే దయ్యాలే ఎక్కువ ఉండేవి. ఒకటి కనబడితే నలభై అని చెప్పడం నా అలవాటు మరి. పొద్దున మా ఇంట్లో కనబడిన తేలు, నేను బడికి చేరేసరికి నాగుపాము అవుతుంది. సాంఘికశాస్త్రం సారు ఏం చెప్పినా పదితో భాగించాలని స్టాఫ్ రూంలో ఒక లెక్క. అందుకే ఇందులో పెంచిన చోట పెంచానని నేనే ఒప్పుకుంటాను. మిగతాది జరిగింది జరిగినట్టు.

మొన్న డిసెంబరులో ఎల్టీసీ మీద నేనూ నా భార్యా అండమాన్ వెళ్లాం. ఇరవై ఏళ్లుగా నల్లబల్ల మీద హిందూ మహాసముద్రాన్ని నీలం చాక్‌పీసుతో గీసినవాణ్ణి. అసలుది చూడగానే నోట మాట రాలేదు. నాకు మాట రాలేదంటే పదితో భాగించే పని లేదు, నా భార్యే సాక్షి.

పడవలో ఒక చిన్న దీవికి తీసుకెళ్లారు. మా మార్కెట్ యార్డు అంత ఉంటుంది. (బడిలో మాత్రం జిల్లా అంత అని చెప్పాను.) నీళ్లు ఎంత తేటగా ఉన్నాయంటే పడవ గాలిలో వేలాడుతున్నట్టుంది. అడుగున పగడపు దిబ్బలు. కొన్ని రంగురంగులవి, చాలావరకు సున్నం కొట్టినట్టు తెల్లవి. ఆ తెల్లవి చచ్చిపోయినవని పడవాయన చెప్పాడు. నీళ్లు వేడెక్కితే అవి అలా పాలిపోతాయట.

ఒడ్డున ఖాళీ గవ్వల్లో కాపురముండే పీతలు తిరుగుతున్నాయి. ఒకదానికి గవ్వ దొరక్క నీలం సీసా మూతను వీపున తొడుక్కుంది. వచ్చినవాళ్లందరూ గవ్వలు ఏరుకుపోతే ఇంతేగదా అన్నాడు పడవాయన. పాపం కిరాయి ఇల్లు దొరకలేదన్నమాట అని నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

అక్కడే ఇసుకలో ఒక కొబ్బరికాయ కనబడింది. పీచు నిండా తెల్లటి చిన్న చిప్పలు అంటుకుని ఉన్నాయి. చెయ్యి వేయబోతే పడవాయన ఆపాడు. వాళ్ల తాతలది శ్రీకాకుళం.

"దాన్నొగ్గేండి బాబూ. అదింకా ఎక్కడికో ఎల్తంది."

అలాంటి కాయలు నెలల తరబడి సముద్రంలో తేలి, ఏదో ఒక దీవి ఒడ్డున మొలకెత్తుతాయట. ఇక్కణ్నుంచి ఇసుక రేణువు కూడా తీసుకెళ్లకూడదన్నాడు. నేను బుద్ధిగా తలూపి, ఆయన అటు తిరగ్గానే కాయను సంచిలో వేసుకున్నాను. విమానం ఎలా దాటించానో అడగకండి. ఇంటికొచ్చాక షోకేసులో పెట్టి, ఆఫ్రికా నుంచి ఈదుకుంటూ వచ్చిందని వచ్చినవాళ్లందరికీ చెప్పాను.

మార్చిలో అసలు కథ మొదలైంది.

చివ్వెంల దగ్గర మా తమ్ముడు యాదగిరికి రెండెకరాలుంది. యాసంగి వరి సరిగ్గా పొట్టకొచ్చిన సమయంలో పాత బోరు ఎండిపోయింది. వారంలోపు తడి అందకపోతే పంట ఖతం. నీళ్లు చూసే లింగయ్యను పిలిపించాడు. లింగయ్య అరచేతిలో కొబ్బరికాయను పడుకోబెట్టుకుని పొలమంతా నడుస్తాడు. కింద నీళ్లున్న చోట కాయ దానంతట అదే లేచి నిలబడుతుంది. చదువుకున్నవాళ్లం దీన్ని చూసి నవ్వుతాం. బోరు వేసే ముందు మాత్రం లింగయ్యనే పిలుస్తాం.

ఆ రోజు కొట్టు నుంచి తెచ్చిన నాలుగు కాయల్లో ఒక్కటీ కదల్లేదు.

"ఈ కాయలల్ల దమ్ము లేదు సారు. ఇంకోటి లేదా?" అన్నాడు లింగయ్య.

నాకు షోకేసు గుర్తొచ్చింది. బైకు మీద ఇంటికెళ్లి తెచ్చిచ్చాను. జీవితంలో నేను చేసిన తప్పులన్నీ ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు.

ఆ కాయ పట్టుకుని లింగయ్య పది అడుగులు వేశాడో లేదో, అది నిటారుగా లేచింది. లేచి ఊరుకోలేదు, మెల్లగా ఒక చుట్టు తిరిగింది. ముసలాయన కాయను కళ్లకద్దుకున్నాడు.

"ముప్పై ఏండ్ల సంది సూస్తున్న, గిట్లెన్నడు కాలే. గంగమ్మ గీడనే కూసున్నది."

మరుసటి రోజు పొద్దున్నే బోరు బండి వచ్చింది. మూడు వందల అడుగులు (సరే, రెండు వందల ఎనభై) బూడిదరంగు రాతిపొడి తప్ప ఏమీ లేదు. ఆ తర్వాత తెల్లటి ఇసుక మొదలైంది. మా దిక్కున బోరులో అలాంటి ఇసుక రావడం ఎవరూ చూడలేదు. దాని వెనకే నీళ్లు, తాటిచెట్టంత ఎత్తు. మనిషెత్తు అనుకోండి.

యాదగిరి ఆ నీళ్లలో తడుస్తూ నన్ను కావలించుకుని ఏడ్చాడు. నా పెదవులకు ఉప్పగా తగిలింది. తమ్ముడి కన్నీళ్లే అనుకున్నాను.

అప్పుడు కాళ్ల దగ్గర ఇసుకలో ఏదో కదిలింది. గోరంత పీత. దాని వీపున నీలం సీసా మూత.

యాదగిరి కూడా చూశాడు. "ఎవడో తాగి పారేసిన మూతల పురుగు దూరిందే అన్నా," అన్నాడు. నేను వంగేలోపు అది ఇసుకలోకి వెళ్లిపోయింది.

"తమ్మీ, ఇవి సముద్రం నీళ్లురా. పొలానికి పెట్టకు," అన్నాను.

వాడు దోసిలి పట్టి తాగాడు. "తియ్యగున్నయి గదనే! ఇగ షురూ చేసినవా నీ కతలు? నీ పెండ్లిల లడ్డు గుమ్మడికాయంత ఉండె అంటివి, నమ్మిన. నా పంట కాడ గూడ పరాష్కమేనా?"

నేనూ తాగి చూశాను. నిజంగానే తియ్యగా ఉన్నాయి. అప్పుడు టైము పదకొండు. మోటారు బిగించి పొలానికి వదిలారు. సాయంత్రం నాలుగింటికి మళ్లీ నోట్లో పోసుకుంటే అచ్చంగా ఆ దీవి దగ్గరి నీళ్లే.

ఆ తర్వాత మూడు రోజులు బడికి సెలవు పెట్టి, మోటారు ఆపినప్పుడల్లా దారానికి రాయి కట్టి బోరులోకి దించాను. నీళ్లు రోజుకు రెండుసార్లు పైకొస్తున్నాయి, రెండుసార్లు దిగుతున్నాయి. వేళ రోజూ కాస్త కాస్త ఆలస్యమవుతోంది. పైకొచ్చినప్పుడు ఉప్పన, దిగినప్పుడు తియ్యన. ఆటుపోట్ల పాఠం నేను ఏటా పిల్లలకు చెప్పేదే. యాదగిరి మాత్రం తియ్యగా ఉన్న వేళకే వచ్చి తాగేవాడు.

సాక్ష్యం కావాలని, నీళ్లు ఉప్పనగా ఉన్నప్పుడు ఒక సీసాలో పట్టుకుని మిర్యాలగూడ వెళ్లాను. అక్కడ మా బావమరిది రమేశ్ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాడు. గిన్నెలో మరగబెడితే అడుగున తెల్లగా ఉప్పు మిగిలింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

రమేశ్ నా మొహం చూసి కడుపుబ్బ నవ్వాడు. "బావా, గింత పని మీ ఇంట్లనే అయితుండె గద! ఉప్పు కలిపి మిర్యాలగూడ దాక మోసుకొస్తివా?"

ఒట్టేసి చెప్పాను. ఎంత గట్టిగా చెబితే అంత నవ్వాడు.

నేను తిరిగొచ్చేసరికి వరి కొసలు ఎర్రబడ్డాయి. ఇంకో మూడు రోజులకు రెండెకరాలూ ఎండిపోయాయి, నేల మీద తెల్లటి పొర తేలింది. యాదగిరి మోటారు కట్టేసి గట్టు మీద కూర్చున్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

"చెప్పినవు గదనే," అన్నాడంతే.

కాయను ఎక్కణ్నుంచి తెచ్చానో అప్పుడు వాడికి చెప్పాను. మరునాడే దాన్ని సంచిలో వేసుకుని బయల్దేరాను. కోదాడ బస్టాండులో బస్సు మారుతుంటే పక్కనున్న పెద్దావిడ పలకరించింది.

"ఏ గుడికండీ కొబ్బరికాయ?"

"సముద్రానికమ్మా."

"అదేంటండీ, సముద్రం పక్కన కొబ్బరికాయలకు కరువా ఏంటి?"

ఆఫ్రికా కథ నోటిదాకా వచ్చింది, మింగేసి బస్సెక్కాను. బందరు దాటి తీరానికి చేరి, నడుం లోతు నీళ్లలో నిలబడి విసిరాను. రెండుసార్లు అల దాన్ని తెచ్చి నా కాళ్ల దగ్గరే పెట్టింది. మూడోసారి తీసుకుపోయింది.

తిరిగొచ్చి చూస్తే బోరు ఎండిపోయి ఉంది. ఉప్పు నీళ్లూ లేవు, మంచి నీళ్లూ లేవు. రాయి వేస్తే ఖణేల్‌మంది.

ఈ వానాకాలం మంచి వానలే పడ్డాయి. పొలం మీది తెల్లపొర కొట్టుకుపోయింది, బోరులో నీళ్లు ఊరాయి. యాదగిరి నారు పోసుకుని, నాటు వేసే ముందు నన్ను పిలిచాడు. నేను బోరు పైపుకు చెవి ఆనించాను. అలల చప్పుడు. విరిగి, వెనక్కి పోయి, మళ్లీ విరుగుతోంది.

వాడూ చెవి పెట్టాడు. "నాకైతే ఏం వినొస్తలేదే అన్నా. నీళ్లు గూడ తియ్యగనే ఉన్నయి. నువ్వే చెప్పు, ఎయ్యాల్నా వద్దా?"

యాభై ఏళ్లలో నా మాటను వాడు భాగించకుండా వినడానికి సిద్ధపడటం అదే మొదలు. మళ్లీ చెవి పెట్టాను. మళ్లీ వినబడింది.

"వద్దు," అన్నాను.

వాడు ఎందుకని అడగలేదు. బోరు మూతికి బండ పెట్టి, నారంతా పక్క రైతుకిచ్చేసి, సూర్యాపేట మార్కెట్లో హమాలీ పనికి కుదిరాడు. రోజూ బడికి పోతూ వాణ్ణి చూస్తుంటాను. బస్తా దించి నన్ను చూసి నవ్వుతాడు.

ఆ పొలం ఇప్పుడు బీడు. నేను విన్నది సముద్రమో, ఇన్నేళ్లూ ఒకటిని నలభై చేసిన నా చెవులో, ఎంత ఆలోచించినా నాకు తెలియడం లేదు. మొన్న ఆదివారం ఒక్కణ్నే వెళ్లి ఆ బండ మీద చెవి పెట్టాను. ఏం విన్నానో యాదగిరికి చెప్పలేదు. చెబితే నమ్ముతాడు.