ఐకాండే పుచ్చుకున్న ఆకు

కిలిమంజారో కొండవాలులో కాఫీ పళ్లు కోసి బతికిన ఐకాండేకు ఎనభై రెండేళ్లు. ముగ్గురు బిడ్డల్ని మట్టిలో పెట్టింది, మొగుడి చేత తన్నులు తింది, ఎవరి గడపా తొక్కి చెయ్యి చాచలేదు. ఆమెకు మిగిలిన కోరిక ఒక్కటే. తన కళ్లు మూతపడేలోగా తాత తల ఇంటికి రావాలి.

తాత ఒఫోరోను, అప్పట్లో ఈ కొండను ఏలిన జర్మన్లు తమ రాజు కైజరు పేరు చెప్పి ఉరితీశారు. ఆ మహారాజు ఈ కొండను కన్నెత్తి చూసిన పాపాన పోలేదు. ఆయన పుట్టినరోజుకు మాత్రం ఇక్కడివాళ్లు ఎండలో నిలబడి చప్పట్లు కొట్టాలి. ఉరితో ఊరుకున్నారా? తల కోసి, ఉడకబెట్టి, పెట్టెలో పెట్టి ఓడ ఎక్కించారు. పుర్రెల కొలతలు తీసే చదువట, వాళ్ల చదువు తగలెయ్య! మా కొండవాళ్లలో పాతిపెట్టిన మనిషి ఎముకలు ఆరాక పుర్రెను బయటికి తీసి, అరటితోటలో ఇసాలే పొదల మధ్య పెద్దల సరసన ఉంచుతాం. అక్కడికి చేరనివాడు చచ్చీ ఇల్లు చేరనట్టే. ఐకాండే తండ్రి ఆ బెంగతోనే పోయాడు.

నాలుగేళ్ల కిందట ఏ పుర్రె తాతదో తేల్చే పరీక్షకని జర్మనీవాళ్లు ఆమె ఉమ్మి తీసుకెళ్లారు. పోయిన వానలయ్యాక జర్మనీ మ్యూజియం పెద్దమనిషి ఒకాయన వచ్చాడు, వట్టి చేతులతో. పెట్టెలు వందల్లో ఉన్నాయట, చీటీలు కలిసిపోయాయట, తల ఇంకా దొరకలేదట. ఆ మాట చెప్పి ముడివేసిన ఇసాలే ఆకు ఆమెకు అందిస్తూ మోకరిల్లాడు.

మాలో ఎవరైనా ఆ ఆకు అందిస్తే కొడుకును చంపినవాణ్ణయినా క్షమించాలి. తోసేస్తే ఇంటికి అరిష్టం. పుచ్చుకుంటే తగవు అంతటితో సరి, మళ్లీ ఎత్తకూడదు. జిల్లా ఆఫీసువాళ్లు ఆయనకు ఈ కిటుకు బాగానే నేర్పారు.

"నువ్వు కైజరు మనవడివా?" అడిగింది ఐకాండే.

"కాదమ్మా. జీతానికి పనిచేసేవాణ్ణి."

"ఆ ఇంట్లో ఎవరూ మిగల్లేదా?"

"ఉన్నారు."

"మరి వాళ్లకి మోకాళ్లు లేవా? కొట్టేదొకడూ, కాళ్లు పట్టుకునేదింకొకడూనా?"

జనం గొల్లున నవ్వారు. ఆయన మాత్రం ఏడుస్తున్నాడు. దొంగ ఏడుపు కాదు, అదే వచ్చిన చిక్కు. మేనల్లుడు ఆనాయేలి ఆమె చెవి దగ్గర వంగాడు.

"పుచ్చుకో అత్తా. ఊరంతా చూస్తోంది. పిల్లలున్న కొంప మనది."

ఆమె జన్మలో ఈ ఆకును కాదనలేదు. తన్నిన మొగుడి చేతిలోంచి కూడా అందుకుంది. ఆ అలవాటు కొద్దీ చెయ్యి దానంతటదే ముందుకెళ్లింది. కెమెరాలు మెరిశాయి.

నెల తిరక్కుండా ఆనాయేలి జిల్లా ఆఫీసుకు వెళ్లి మళ్లీ వెతికించమని అడిగాడు. "ఇంకా ఏం వెతుకులాటయ్యా? మీ అత్త క్షమించేసిందిగా, ఫైలు మూసేశాం" అన్నారు.

అది విని ఐకాండే రెండు రోజులు ముద్ద ముట్టలేదు. మూడోనాడు తనే ఒక ఇసాలే ఆకు కోసి, ముడివేసి, మేనల్లుడి చేతిలో పెట్టింది.

"ఇది మ్యూజియానికి పంపు."

"నువ్వెందుకత్తా వాళ్లని క్షమించమనడం?"

"వాళ్లనెందుకు అడుగుతానురా, మతిపోయిందా? మా తాతని. ఆయన్ని అక్కడే ఉంచుకున్నోళ్లని నేను క్షమించేశాను. ఆ పెట్టెలన్నిటి ముందూ పెట్టమని రాయి. ఎందులో ఉన్నా ఆయనే చూసుకుంటాడు."

ఆనాయేలి ఆ మాటే రాసి పంపాడు. మూడు నెలలకు మంచి కాగితం మీద జవాబొచ్చింది. అమూల్యమైన కానుకకు కృతజ్ఞతలు, ఆకును శుభ్రపరిచి నంబరు వేసి మా సేకరణలో భద్రపరిచాము అని.

"తాత ముందు పెట్టారా?" అడిగింది ఐకాండే.

"లేదత్తా. దాన్నీ పెట్టెలో పెట్టేశారు."



"ఆ నంబరు జాగ్రత్తగా రాసి పెట్టుకో" అంది ఐకాండే. "మనది ఒక్కటైనా ఎక్కడుందో తెలిసింది."