మణి కోళ్లు మొదలుపెట్టిన శనివారం

మా ఫార్మింగ్టన్ హిల్స్ తెలుగు చర్చిలో మాంసం తినే ప్రతి ఇంటికీ మణి కత్తి తెలుసు. వారమంతా కారు సీట్లు కుట్టే ఫ్యాక్టరీలో పని. శనివారం ఊరవతల ఫార్మ్‌లో మేకపోతును కోసి, టార్పాలిన్ మీద పోగులు వేస్తుంది. బాపట్లలో వాళ్ల నాన్నదీ ఇదే పని. ఆయన పోయాక తమ్ముడు జూడ్‌ను తనే పెంచింది, అమెరికాకూ తనే తెచ్చుకుంది. నాటుకోళ్ల బేరం జూడ్‌ది. తెస్తానని చెప్పి సగం వారాలు తెచ్చేవాడు కాదు. అందరూ మణినే అడగసాగారు. ఈస్టర్ ముందు శనివారం ఆమె కోళ్లు కూడా దింపించింది.

"మమ్మీ బ్రాంచ్ అవుట్ అవుతోంది, అమ్మమ్మా," అంది ఆమె కూతురు ఫెబీ, నా పోగు కవర్లో వేస్తూ.

"అంటే ఏంటే? మేకలు మానేస్తుందా?"

"నో, మానేస్తే బ్రాంచ్ అవుట్ కాదు. ఉన్న పని ఉంచుకుని కొత్త పనిలోకి కూడా వెళ్లడం. షాపులకీ అంటాం, మనుషులకీ అంటాం."

"ఆ కొత్త పని అప్పటికే ఒకడు చేసుకుంటుంటే?"

"ఐ డోంట్ నో. ఫైట్ అవుతుందేమో!"

అంతలోనే జూడ్ ట్రక్కు దూసుకొచ్చింది. దిగుతూనే కోళ్ల బోనును తన్నాడు. ఒకదాన్ని పట్టుకుని మెడ విరిచి అక్క ముఖాన కొట్టాడు.

"నా నోటికాడి కూడు లాక్కుంటావా? మేకలు చాల్లేదా నీకు?"

"కలిసి చేద్దామని ముందే చెప్పాను కదరా!"

"నీ కింద పనోడిగానా?"

పార అందుకుని కొట్టాడు. మణి నోటినిండా రక్తం. ఊడిన పన్ను పోగుల మధ్య పడింది. వాడు మళ్లీ పార ఎత్తేలోపు ఆమె వాడిని పడదోసి, ఛాతీ మీద మోకాలు పెట్టి, మెడకు కత్తి ఆనించింది. చర్మం తెగింది.

"మణీ! వాడు నీ జూడేనే!" అని అరిచాను.

"అక్కా, వద్దక్కా..."

"కోళ్లు నేనూ అమ్ముతా. నువ్వూ అమ్ముకో," అని కత్తి తీసింది. వాడు లేస్తూనే ఆమె కడుపులో తన్ని వెళ్లిపోయాడు.

పోలీసులకు కాల్ చెయ్యబోయిన ఫెబీ చేతిలోంచి మణి ఫోన్ లాక్కుంది. నోట్లో గుడ్డ కుక్కుకుని, చచ్చిన కోడిని వేడినీళ్లలో ముంచి ఈకలు పీకింది.

ఇప్పుడు మేకలతో పాటు కోళ్లూ అమ్ముతుంది. కానీ చర్చిలో ప్రభువు బల్ల దగ్గర పంచే రొట్టె అందుకోవడం లేదు. తమ్ముడితో సమాధానపడకుండా తీసుకోకూడదట.

"ఎన్నాళ్లే ఇలా?" అని అడిగాను.

"వాడంతట వాడొచ్చి నోరు తెరిచి అక్కా అనేదాకా, పిన్నీ."

"పోనీ కోళ్లు మానేయరాదూ?"

"మానను."