మలుపు దగ్గర గంట

మా బావను గుట్ట మీద అందరూ గంటాయన అనేవారు. మా ఊరి వెనకున్న ఆ గుట్టకు దారి ఒక్కటే, వాడుకునేవాళ్లు మాత్రం సవాలక్ష మంది. నడకకొచ్చే ముసలీ ముతకా, కుక్కల్ని తిప్పేవాళ్లు, లావు టైర్ల సైకిళ్ల మీద పైనుంచి దూసుకొచ్చే కుర్రకారు. మా బావ అరవై దాటాక కూడా అలాంటి సైకిలే తొక్కేవాడు. మా అక్క ఎంత మొత్తుకున్నా మానలేదు. మానితే మా బావ ఎందుకవుతాడు!

ఆయనకో పట్టింపు. మలుపు రాకముందే గంట కొట్టాలి, వేగం తగ్గించాలి, నడిచేవాళ్లను దాటేటప్పుడు ఓ పలకరింపు పడేయాలి. అలా చేయనివాడి సైకిల్ హ్యాండిల్ పట్టుకుని మరీ ఆపేవాడు. “చప్పుడు చేయకుండా వెనకనుంచి వచ్చేవాడికీ దొంగకీ తేడా ఏంట్రా? ఓ గంట కొనుక్కుంటే అరిగిపోతావా?” అని కడిగేసేవాడు. కుర్రాళ్లు నవ్వుకునేవారు గానీ, మళ్లీ వచ్చేటప్పటికి గంట బిగించుకునే వచ్చేవారు.

బతుకంతా మగ్గాల మిల్లులో గడిపాడు. ఆ హోరులో పక్కవాడితో మాట్లాడాలన్నా చెవి దగ్గర నోరు పెట్టి అరవాల్సిందే. అందుకే గుట్ట మీది నిశ్శబ్దమంటే ఆయనకు ప్రాణం. “ఇక్కడ ఆకు కదిలినా వినిపిస్తుందే మరదలా” అనేవాడు. నాకు మాత్రం ఆయన రొప్పడమే వినిపించేది. ఆ మాటంటే మొట్టికాయ వేసేవాడు.

తర్వాత మా అక్క మంచం పట్టింది. రోగం గొంతుకు పాకి మాట గుసగుసలోకి దిగిపోయింది. వంటా, బట్టలూ, మందులూ అన్నీ బావే చూసుకున్నాడు. తాను వంటింట్లో ఉంటే ఆమె పిలుపు వినపడదని సైకిల్ గంట ఊడదీసి మంచం పట్టెకు బిగించాడు. మీట నొక్కి, “మోగిందా?” అని అక్క మొహంలోకి చూశాడు. అక్క తలూపి నవ్వింది. “అయితే ఇప్పుడు నేనే నీ మలుపునా?” అని గొణిగింది.

ఆదివారాలు నేను వెళ్లేదాన్ని. అక్క గంట కొడితే నేనే పరిగెత్తేదాన్ని. మిగతా రోజుల సంగతి అడిగితే, “పాపం, అలిసిపోతున్నాడే. ఎన్నిసార్లు కొట్టినా ఒక్కోసారి రాడు. పోనీలే, కాస్త కూర్చోనీ” అంది. నాకు ఒళ్లు మండిపోయింది. ఆయన్ను దులిపేద్దామని లేస్తే, చెయ్యి పట్టుకుని ఆపి, ఆ సంగతి ఆయనతో అననని ఒట్టు వేయించుకుంది. బావేమో, “మీ అక్క బంగారమే. చేతిలో గంట ఉన్నా నన్ను పిలవనే పిలవదు” అని మురిసిపోయేవాడు. నేను పళ్లు కొరుక్కుని ఊరుకున్నాను.

ఓ మధ్యాహ్నం ఆయన వంటింట్లో పాలు కాస్తున్నాడు. గ్లాసు పట్టుకుని గదిలోకి వచ్చేసరికి అంతా అయిపోయింది. అక్క చెయ్యి మంచం పట్టె మీదే ఉందట.

కొన్నాళ్లకు గంటను మళ్లీ సైకిల్‌కు బిగించుకున్నాడు. “దీని గొంతు కూడా మీ అక్కతోనే పోయిందే. నొక్కితే పలకట్లేదు” అనేవాడు. ఏదో దుఃఖంలో అంటున్నాడనుకున్నాను.

అప్పుడే గుట్ట మీద ఓ కాలేజీ అమ్మాయి పడింది. బావ సైకిల్ పట్టుకుని నడుస్తూ ఇరుకు దారిలో దిగుతున్నాడు. వెనకనుంచి సైకిల్ మీద వస్తున్న ఆ పిల్ల, ఈయన పక్కకు తొలగకపోయేసరికి, తప్పించబోయి రాళ్ల మీద పడింది. మణికట్టు విరిగింది. “గంట కొట్టవేం?” అని బావ ఆమె మీదే విరుచుకుపడ్డాడు. “కొట్టానండీ, ఆపకుండా కొడుతూనే ఉన్నాను” అని ఆ పిల్ల ఏడ్చింది. “పచ్చి అబద్ధం!” అన్నాడు నలుగురిలో. ఆమెకు గంట అలవాటు చేసిందే ఈయన.

మర్నాడు తన గంట ఊడదీసి, బాగుచేయించుకోవాలని నన్ను వెంటబెట్టుకుని సైకిల్ షాపుకు వెళ్లాడు. షాపతను నొక్కితే గంట ఖంగున మోగింది.

“బానే ఉంది కదండీ!”

“ఏదీ, కొట్టు” అన్నాడు బావ.

అతను మళ్లీ కొట్టాడు. బావ అతని వేలినే చూస్తున్నాడు. “ఊఁ, కొట్టవయ్యా!”

అతను బిత్తరపోయి నా వైపు చూశాడు.

“మోగుతోంది బావా” అన్నాను.

“నీ మాట వినిపిస్తోందిగా. మరి ఇదెందుకు వినిపించదు?”

“మా నాన్నకీ అంతేనండీ” అన్నాడు షాపతను మెల్లగా. “ఆయనదీ మిల్లు పనే. మాటలు వినిపిస్తాయి. గంటలూ పిట్టలూ వినిపించవు.”

బావ గంట అందుకున్నాడు. నేరుగా ఆ అమ్మాయి ఇంటికి నడిచాడు. కట్టుతో ఉన్న ఆమె చేతిని చూసి, ఇంటిల్లిపాది ముందూ దండం పెట్టాడు. “నువ్వు కొట్టావమ్మా. నాకే వినపడలేదు” అన్నాడు. “అయ్యో, అంత మాటెందుకండీ” అని ఆ పిల్ల కంగారుగా లేచింది.

ఇంటికొచ్చి అక్క మంచం మీద కూర్చున్నాడు. గంట ఇంకా చేతిలోనే ఉంది.

“మరదలా, మీ అక్క గంట కొట్టేదా?”

ఎవరికీ జడవని నోరు నాది. కానీ అక్కకు వేసిన ఒట్టు గుర్తుకొచ్చింది. “లేదు బావా. దానికా అవసరమే రాలేదు” అన్నాను.

నా మొహంలోకి చూశాడు. “నిజం చెప్పిన ఆ పిల్లను అబద్ధాలకోరు అన్నాను. నిన్ను మాత్రం అననులే” అన్నాడు.

గంట నా చేతిలో పెట్టి లేచాడు. “నేను పొయ్యి దగ్గర నిలబడతాను. నువ్విక్కడ కూర్చుని కొట్టు.”

“వద్దు బావా, నీకు దండం పెడతాను.”

వినిపించుకోకుండా వంటింట్లోకి వెళ్లాడు. కొట్టాను. మళ్లీ కొట్టాను. ఏడుపు ఆగలేదు, అలాగే కొడుతూ కూర్చున్నాను.

“మొదలుపెట్టవేమే?” అని వంటింట్లోంచి కేకేశాడు.